పిప్పి నుంచి పాన్‌కేకు దాకా

జూన్ 28

పాపకు సీలియాక్ అని తేలి నాలుగు నెలలైంది. తొమ్మిదేళ్ల పిల్ల. రెండేళ్లుగా బరువు పెరగలేదు, ఐరన్ టానిక్ ఎన్ని సీసాలు పట్టించినా హిమోగ్లోబిన్ 8 దాటలేదు. నులిపురుగులని ఒకచోట అన్నారు, తిండి పెట్టడం లేదా అని ఇంకోచోట నన్నే నిలదీశారు. చివరికి ఒక పిల్లల డాక్టరుగారు టీటీజీ అనే రక్తపరీక్ష రాశారు. ఆ తర్వాత ఎండోస్కోపీ చేసి చిన్నపేగు నుంచి రవ్వంత ముక్క తీసి చూశారు. గోధుమ, బార్లీ, రై గింజల్లో ఉండే గ్లూటెన్ కడుపులోకి వెళ్తే చాలు, పాప ఒంట్లోని రక్షణ వ్యవస్థే పేగు లోపలి పొరను కొరికేస్తోందట. దీనికి మాత్రలు లేవు, జీవితాంతం గ్లూటెన్ మానేయడమే వైద్యం.

అన్నం తినే ఇల్లు కదా, పెద్ద కష్టమేముంటుందిలే అనుకున్నాం. ఇడ్లీ, పెసరట్టు, పప్పు, పులుసు, అన్నీ తినొచ్చు. ఆ ధైర్యం వారం రోజులే. ఇంగువ డబ్బా వెనక్కి తిప్పి చదివితే అందులో మైదా ఉంది. ఉప్మా రవ్వ, సేమియా, బిస్కెట్లు, బ్రెడ్డు ఒక్కొక్కటే అలమరలోంచి దిగిపోయాయి. పాప వేటికీ ఏడవలేదు. వాళ్ల నానమ్మ చేసే గోధుమపిండి బెల్లం అట్ల గురించి మాత్రం అప్పుడప్పుడు అడుగుతుంది.

నిన్న క్లాస్‌మేట్ పుట్టినరోజుకి వెళ్లింది. అక్కడ పిల్లలందరికీ పాన్‌కేకులు పెట్టారు. పాప మాత్రం ఇంటి నుంచి తీసుకెళ్లిన చేగోడీల డబ్బా ఒళ్లో పెట్టుకుని కూర్చుందట. రాత్రి పడుకునేటప్పుడు అడిగింది: "అమ్మా, నేను తినే పాన్‌కేకు ఉంటుందా?"

ఉంటుందన్నాను. అందుకే ఈ డైరీ మొదలుపెట్టాను.

జులై 2

బియ్యప్పిండితో చేస్తే అట్టు అవుతుంది, పాన్‌కేకు అవ్వదు. మందంగా, మెత్తగా, నొక్కితే దిగి మళ్లీ లేవాలి. వెతుకుతుంటే కొబ్బరి పిండి మాట కనిపించింది. అదేమిటా అని చదివితే, కొబ్బరి పాలు పిండేశాక మిగిలిన పిప్పిని ఎండబెట్టి మెత్తగా ఆడించినదే. మా అత్తయ్యగారిది కోనసీమలో అంబాజీపేట పక్క ఊరు. ఆ ఇంట్లో పిప్పి అంటే గేదెల కుడితిలో కలిపేది. నేను ఇక్కడ కాకినాడలో కూర్చుని దాన్ని అరకిలో ప్యాకెట్టు ఎంతకు దొరుకుతుందా అని చూస్తున్నాను.

ఫోన్ చేసి చెబితే అత్తయ్య, "కొనడమేంటమ్మాయ్, కాయలు పంపిస్తాను, అక్కడే తీసుకో" అన్నారు.

జులై 6

పది కాయలు వచ్చాయి. చెవి దగ్గర పెట్టి ఊపితే నీళ్లు గలగలమనే ముదురు కాయలు. లేత కాయకు పిండి రాదు, జిగురుగా ఉంటుంది.

రెండు కాయలు కొట్టి చిప్పల్లోంచి ముక్కలు తీశాను. వెనక ఉండే గోధుమరంగు పొరను పీలర్‌తో గీసేశాను. ఈ పనికే ముప్పావు గంట పట్టింది. ఆ పొర ఉన్నా ప్రమాదమేమీ లేదు గానీ పిండి మాసినట్టు కనిపిస్తుంది, రుచి కూడా ఒక పిసరు వగరు. ముక్కల్ని మిక్సీలో గోరువెచ్చని నీళ్లతో తిప్పి, పల్చటి పాత పంచె గుడ్డలో వేసి మూడుసార్లు పిండాను. మొదటిసారి వచ్చిన చిక్కటి పాలు విడిగా తీసి ఫ్రిజ్‌లో పెట్టాను, పాన్‌కేకులకు అవే వాడాలని.

పిప్పిని పళ్లెంలో పరిచి డాబా మీద పెట్టాను. మధ్యాహ్నం మూడింటికి వాన మొదలైంది.

జులై 8

వానాకాలంలో ఎండను నమ్ముకోకూడదని తెలిసొచ్చింది. తడి ఆరని పిప్పికి ఒక్క రాత్రిలోనే పులిసిన వాసన పట్టింది. పారేశాను. మళ్లీ రెండు కాయలు కొట్టాను. ఈసారి ఓవెన్‌లో 80 డిగ్రీల దగ్గర, తలుపు కాస్త తెరిచి, అరగంటకోసారి కలుపుతూ మూడున్నర గంటలు పెట్టాను. అంతకంటే వేడి పెంచితే అంచులు ఎర్రబడి లౌజు వాసన వస్తోంది. గుప్పెట్లో పట్టుకుని నలిపితే ఇసుకలా జారాలి, వేళ్లకు తడి తగలకూడదు. అప్పుడు తీసి, చల్లారాక మిక్సీలో ఆగి ఆగి తిప్పాను. ఆపకుండా తిప్పితే మిక్సీ వేడికి కొబ్బరిలో మిగిలిన నూనె బయటికొచ్చి పిండి ముద్దకట్టేస్తుంది.

రెండు కాయలకు 120 గ్రాముల పిండి వచ్చింది.

పిండిమరకు పంపలేదు. అదే మరలో అంతకుముందు ఎవరివో గోధుమలు ఆడించి ఉంటారు. మన దేశంలో గ్లూటెన్ లేని ఆహారమని ముద్ర వేయాలంటే కిలోకు 20 మిల్లీగ్రాములకు మించి గ్లూటెన్ ఉండకూడదని నియమం. కిలోలో 20 మిల్లీగ్రాములంటే కంటికి ఆనేది కాదు. మర రాళ్లలో చిక్కుకున్న గోధుమపిండి చాలు.

జులై 9

మొదటి ప్రయత్నం. గోధుమపిండి పాన్‌కేకుల కొలతే తీసుకుని, కప్పు గోధుమపిండి బదులు కప్పు కొబ్బరి పిండి వేశాను. రెండు గుడ్లు, కప్పు పాలు. రెండు నిమిషాల్లో పాలు మాయమయ్యాయి. ఇంకో కప్పు పోశాను, అవీ పీల్చేసింది. గిన్నెలో మిగిలింది లడ్డూలు చుట్టుకునే ముద్ద. పెనం మీద తట్టితే అట్లకాడ పెట్టగానే నాలుగు ముక్కలైంది. నాలుగు కాయలు కొట్టి సంపాదించిన పిండంతా ఒక్క పూటలో పోయింది.

పాప ఆ ముక్కల్నే బెల్లం పాకంలో అద్దుకుని తినేసింది. "బావుంది గానీ పాన్‌కేకు కాదు" అంది.

జులై 13

నాలుగు రోజులు దీని గురించే చదివాను. గోధుమపిండి తడవగానే గ్లూటెన్ సాగి వలలా అల్లుకుంటుంది. సోడా వల్ల పుట్టే గాలి బుడగల్ని ఆ వలే పట్టి ఉంచుతుంది. కొబ్బరి పిండిలో ఆ వల లేదు. ఉన్నదాంట్లో ఎక్కువ పీచే. స్పాంజిలా తడిని తాగుతుంది తప్ప ఒకదాన్నొకటి పట్టుకోదు. కాబట్టి దాన్ని గోధుమపిండి స్థానంలో పెట్టి కొలవకూడదు. పావు కప్పు, అంటే 30 గ్రాములు వేస్తే చాలు, దాన్ని పట్టి ఉంచే పని గుడ్లది.

ఒక వెసులుబాటు కూడా దొరికింది. గోధుమపిండి పాన్‌కేకు పిండిని ఎక్కువ గిలకొడితే గ్లూటెన్ బిగిసి అవి రబ్బరులా తయారవుతాయి. ఇక్కడ ఆ భయం లేదు. ఉండలు పోయేదాకా ఎంతైనా గిలకొట్టుకోవచ్చు.

జులై 14

పావు కప్పు పిండి, రెండు గుడ్లు, అరకప్పు పాలు. తిరగేస్తుంటే విరిగింది. లోపల తడి. గుడ్లు చాలలేదు.

జులై 20

నాలుగు గుడ్లు. ఈసారి విరగలేదు, గుండ్రంగా తిరిగింది. మా ఆయన తిని "ఆమ్లెట్లో కొబ్బరి వేశావా?" అన్నారు. నిజమే, గుడ్డు వాసన ముందుకొచ్చేసింది. యాలకుల పొడి వేసినా ఆ వాసన పోలేదు. కానీ రూపం కుదిరింది, ఆ ఒక్కటీ చాలు ఈ రోజుకి.

జులై 27

గుడ్లు తగ్గించాలంటే పట్టు ఇచ్చేది ఇంకొకటి కావాలి. సామర్లకోట, పెద్దాపురం వైపు వెళ్తుంటే సగ్గుబియ్యం మిల్లుల దగ్గర కర్రపెండలం పిండి ఎండబోసి కనిపిస్తుంది. ఇన్నేళ్లుగా ఆ దారిన తిరుగుతూ సగ్గుబియ్యం అంటే పాయసం, వడియాలే అనుకున్నాను. దానిలోనూ గ్లూటెన్ లేదు, పైగా వేడి తగిలితే జిగురు పుడుతుంది. సగ్గుబియ్యం మిక్సీలో మెత్తగా పొడి చేసి రెండు పెద్ద చెంచాలు వేశాను. గుడ్లు మూడుకు తగ్గాయి. బాగా పండిన చక్కెరకేళి సగం మెదిపి కలిపాను.

గుడ్డు వాసన వెనక్కి తగ్గింది. అరటి, కొబ్బరి కలిసిన వాసన ఇల్లంతా నిండింది. పాప వంటింటి గట్టు దగ్గరే నిలబడి మూడు తింది. మూడోది తింటూ మాట్లాడలేదు. అది నచ్చితే మాట్లాడదు.

జులై 28

రాత్రి పాపకు కడుపునొప్పి, ఉబ్బరం. నాకు కాళ్లూ చేతులూ ఆడలేదు. ఎక్కడో గ్లూటెన్ కలిసిందా? ఉదయం వంటిల్లంతా కిందామీదా చేశాను. కొబ్బరి ఇంట్లోది. సగ్గుబియ్యం అనుమానం లేదు. బేకింగ్ పౌడర్ డబ్బా మీద స్టార్చ్ అని రాసుంది, ఏ గింజ స్టార్చో రాయలేదు. ఆ తర్వాత జల్లెడ చేతికొచ్చింది. పదేళ్లుగా గోధుమపిండి జల్లించిన జల్లెడ అది. కడిగే వాడాను. కానీ వెలుతురుకి ఎత్తి చూస్తే చట్రం, వల కలిసే మడతలో తెల్లగా, గట్టిపడిన పిండి గీత. సూదితో గీకితే పొడి రాలింది.

మన కళ్లెదురుగా రోజూ మేకుకు వేలాడే వస్తువు అది. ఎండోస్కోపీ గదిలోకి పిల్లను లోపలికి తీసుకెళ్తుంటే బయట నిలబడ్డ రోజు గుర్తొచ్చి చాలాసేపు అక్కడే కూర్చుండిపోయాను.

డాక్టరుగారికి ఫోన్ చేశాను. ఆయన ఇంకో సంగతి చెప్పారు. కొబ్బరి పిండిలో పీచు చాలా ఎక్కువ, అలవాటు లేని కడుపుకు ఒకేసారి మూడు పెడితే అదొక్కటే చాలు ఉబ్బరానికి, ఒకటితో మొదలుపెట్టి నీళ్లు బాగా తాగించండి అన్నారు. జల్లెడ వల్లనో, పీచు వల్లనో తేల్చే దారి లేదు. రెండూ సరిచేయడమే నా చేతిలో ఉంది. కొత్త జల్లెడ, కొత్త చెక్క గరిటె, చిన్న నాన్‌స్టిక్ పెనం కొన్నాను. మూడింటికీ ఎర్ర దారం కట్టాను. చపాతీలు కాల్చే పాత ఇనప పెనం పాప వంటకు ఇక వాడను. బేకింగ్ పౌడర్ తీసేసి వంట సోడా, నిమ్మరసం పెట్టుకున్నాను.

ఇది చదివే అమ్మలకు ఒక్క మాట. పిల్లకు గోధుమ పడటం లేదని అనుమానం వస్తే, పరీక్షకు ముందే గోధుమ మాన్పించకండి. మానేశాక చేస్తే రక్తపరీక్షలో, పేగు ముక్కలో జబ్బు దాక్కుంటుంది. నేను సగం మాన్పించేసి, డాక్టరుగారు చెబితే మళ్లీ ఆరువారాలు పెట్టాను. తెలిసి తెలిసి ఆ చపాతీ పెట్టడం ఎంత కష్టమో మాటల్లో చెప్పలేను.

ఆగస్టు 10

రోజుకొక్కటి చొప్పున పది రోజులు పెట్టాను. ఉబ్బరం రాలేదు. ఇప్పుడు రెండు తింటోంది.

ఆగస్టు 17

ఈ రోజు పెనం సంగతి పట్టుబడింది. ఇప్పటిదాకా అట్టు పోసినంత వేడి మీద పోస్తున్నాను. కొబ్బరిలోనూ అరటిలోనూ తీపి ఉంది కాబట్టి పైన నల్లబడి లోపల పచ్చిగా ఉండిపోతోంది. మంట సిమ్‌లో పెట్టి, నెయ్యి తుడిచినట్టు రాసి, చిన్న గరిటెడు పిండి వేసి, అరచేతి కంటే చిన్నగా సర్దాను. మూత పెట్టాను.

గోధుమపిండిదైతే పైన బుడగలు లేచి పగిలి చిల్లులు పడతాయి, అదే తిరగేసే గుర్తు. ఇక్కడ బుడగలు ఒకటో రెండో వస్తాయి, వాటికోసం చూస్తే మాడుతుంది. అంచును చూడాలి. పోసినప్పుడు అంచు తడిగా మెరుస్తుంటుంది. రెండు నిమిషాలకు ఆ మెరుపు చుట్టూ నుంచి లోపలికి చావడం మొదలవుతుంది, మంచు పట్టిన అద్దంలా మసకబారుతుంది. వేలెడు వెడల్పున మసక పట్టాక అట్లకాడను కింద దూర్చి చూస్తే దానంతటదే పెనం వదులుతుంది. అంటుకుందంటే ఇంకో అరనిమిషం ఆగాలి. మూడు నిమిషాలకు తిప్పాను, రెండోవైపు నిమిషంన్నర చాలు.

మొదటిసారి ఎనిమిదీ గుండ్రంగా, బంగారు రంగులో వచ్చాయి. పళ్లెంలో ఒకదాని మీద ఒకటి పేర్చి, పైన అనకాపల్లి బెల్లం పాకం పోసి ఇచ్చాను. బెల్లాన్ని పిండిలో కలపడం మానేశాను, కలిపితే ఎంత సిమ్‌లో పెట్టినా మాడుతోంది.

పాప ఫొటో తీయమంది. తీశాను.

ఆగస్టు 24

కొలతలు రాసి పెట్టుకుంటున్నాను, ఇక మార్చను.

ముందు మూడు గుడ్లు, సగం చక్కెరకేళి, 80 మిల్లీలీటర్ల చిక్కటి కొబ్బరి పాలు, చిటికెడు ఉప్పు నురగ వచ్చేదాకా గిలకొట్టాలి. 30 గ్రాముల కొబ్బరి పిండి, రెండు పెద్ద చెంచాల సగ్గుబియ్యం పిండి, చిటికెడు వంట సోడా, యాలకుల పొడి కలిపి జల్లించి అందులో వేయాలి. తర్వాత పది నిమిషాలు ముట్టుకోకూడదు. కలిపిన వెంటనే పల్చగా కనిపిస్తుంది, కంగారుపడి ఇంకాస్త పిండి వేస్తే మొదటి రోజు ముద్దే మళ్లీ. పీచు తాగాల్సినంత తాగాక చూస్తే ఇడ్లీ పిండి కంటే కాస్త పల్చగా, అట్ల పిండి కంటే చిక్కగా ఉండాలి. గరిటెతో ఎత్తితే ధారగా కాదు, మెల్లగా జారి పడాలి. పోసే ముందు టీ చెంచాడు నిమ్మరసం కలపాలి. సోడా ఎక్కువైతే సబ్బు రుచి వస్తుంది, చిటికెడంటే చిటికెడే.

కొన్న కొబ్బరి పిండితో కూడా ఒకసారి చేశాను. ఫ్యాక్టరీలో నూనె బాగా తీసేస్తారు, కాబట్టి అది ఇంటి పిండి కంటే ఎక్కువ తాగుతుంది. పాలు ఇంకో రెండు మూడు చెంచాలు పట్టాయి. ఇంటి పిండిలో నూనె మిగులుతుంది, రుచి దానిదే. కానీ బయట పెడితే మూడు వారాలకే పాత నూనె వాసన కొడుతుంది. గాజు సీసాలో ఫ్రిజ్‌లోనే.

సెప్టెంబరు 6

ఆరు నెలల పరీక్షలు. టీటీజీ సగానికి పైగా తగ్గింది, ఇంకా మామూలు స్థాయికి రాలేదు. హిమోగ్లోబిన్ 10.6. బరువు రెండు కిలోలు పెరిగింది. డాక్టరుగారి గదిలోంచి బయటికొచ్చాక మెట్ల మీద పాపను ఎత్తుకున్నాను. తొమ్మిదేళ్ల పిల్లను ఎత్తుకుంటే బరువు తెలిసింది. ఆ బరువు కోసమే కదా ఇదంతా.

డాక్టరుగారు ఒక పాత సంగతి చెప్పారు. 1944-45 చలికాలంలో నెదర్లాండ్స్‌లో కరువొచ్చి రొట్టె దొరకలేదట. అంతటి ఆకలిలోనూ ఈ జబ్బున్న పిల్లలు కొందరు కోలుకోవడం విలెమ్ డిక్కె అనే పిల్లల వైద్యుడు గమనించారు. గోధుమ తింటే జబ్బు పెరుగుతుందని ఆయన 1950లో సిద్ధాంత గ్రంథంలో రాశారు. అంతకుముందు ఇలాంటి పిల్లల తల్లులు ఏం పెట్టాలో తెలియక ఎంత నలిగిపోయి ఉంటారో అని దారంతా అదే ఆలోచన.

అక్టోబరు 30

కార్తీకం. అత్తయ్య నెల రోజులు ఇక్కడే ఉంటారు. గుడ్డు తినరు సరే, ఈ నెలలో గుడ్డు తగిలిన గిన్నె కూడా ముట్టరు. "నా మనవరాలు తినేది నాకూ పెట్టవా?" అంటారు.

అవిసె గింజల పొడి నీళ్లలో నానబెట్టి గుడ్డు బదులు వేశాను. బియ్యప్పిండిలో ఒకటి రెండు చెంచాల కొబ్బరి పిండి ఉంటే అది పనిచేస్తుంది గానీ, కొబ్బరి పిండే ముఖ్యమైతే లోపల బంకగా ఉండిపోతోంది. మూడుసార్లు చేసి చూశాను, మూడుసార్లూ అంతే. గుడ్డు లేకుండా కొబ్బరి పిండి పాన్‌కేకు లేదని ఒప్పుకున్నాను.

దారి అత్తయ్యే చూపించారు. "తిప్పితే విరుగుతుందంటావు, తిప్పడమెందుకు? దిబ్బరొట్టిలా మూకుట్లో పోసెయ్యి" అన్నారు. కప్పు బియ్యప్పిండి, పావు కప్పు కొబ్బరి పిండి, రెండు చెంచాల సగ్గుబియ్యం పిండి, ఒక పూర్తి చక్కెరకేళి, తగినన్ని కొబ్బరి పాలు. మందపాటి మూకుట్లో నెయ్యి వేసి, పోసి, మూత పెట్టి, సన్న సెగన పన్నెండు నిమిషాలు. అడుగు కరకరలాడుతూ ఎర్రగా, పైన దూదిలా వచ్చింది. బలం బియ్యప్పిండిది, వాసన కొబ్బరిది. అది పాన్‌కేకు కాదు, అది వేరే పిండివంట. ఇద్దరూ చెరి సగం తిన్నారు.

నవంబరు 23

అత్తయ్య ఊరు వెళ్లిపోయారు. వెళ్లేముందు నా పాత జల్లెడను మేకు నుంచి తీసి, "దీన్ని నేను తీసుకెళ్తాను, నీ ఇంట్లో వద్దు" అని సంచిలో పెట్టుకున్నారు.

డిసెంబరు 7

పొద్దున్నే ఫోన్. "అమ్మాయ్, ఓవెన్ డిగ్రీలు నాకు తెలీవు. దాళిగుంటలో పాలు కాచాక మిగిలిన సెగ మీద పళ్లెం పెట్టి ఆరబెడుతున్నాను, సరిపోతుందా?" పొగ వాసన పడుతుందేమోనన్నాను. పైన ఇంకో పళ్లెం బోర్లించారట. గేదెలకు పిప్పి మానేసి రెండు వారాలైందట.

సాయంత్రం బస్సులో స్టీలు డబ్బా వచ్చింది. తూచితే 640 గ్రాములు. తెల్లగా, మెత్తగా, ముక్కుకు దగ్గరగా పెట్టుకుంటే రవ్వంత పొగ వాసన. మూత లోపల చీటీ అంటించారు, పెన్సిలుతో: "ఇది పాపది. గోధుమ చెయ్యి తగల్లేదు."

రేపు ఆదివారం కాదు, అయినా పాన్‌కేకులే. పాప అప్పుడే అరటిపండు మెదుపుతానని చెప్పి పడుకుంది.